1936లో రెండు తేదీలు

ప్రతి ఏడూ ఆగస్టు 29 వచ్చేసరికి గిడుగు రామమూర్తి పంతులుగారి మీద మన పత్రికలనిండా వ్యాసాలు వస్తాయి. పాతికేళ్ళుగా వీటిని చదువుతున్నాను. నేను బి.కాం. చదివి బ్యాంకు ఉద్యోగంలో చేరినవాణ్ణి, సాహిత్యంలో పట్టాలు లేనివాణ్ణి. అయితే లెక్కల పుస్తకం చూడటం అలవాటైనవాడికి ఏ పద్దు పెద్దక్షరాలతో రాసేరో, ఏ పద్దు పుటకి అడుగున ఇరికించేరో ఇట్టే కనబడుతుంది. గిడుగువారి వ్యాసాల్లో వ్యావహారిక భాషోద్యమం పెద్ద పద్దు. గ్రాంథికవాదులతో వాదాలు, జయంతి రామయ్యగారు, 1911లో పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, 'తెలుగు' పత్రిక, ఇవన్నీ వరసగా వస్తాయి. చివర్న ఒక్క వాక్యం ఉంటుంది: "వీరు సవర భాషకి కూడా ఎనలేని సేవ చేసేరు." ఆ "కూడా" దగ్గరే నా పేచీ.

గోదావరి జిల్లాలోనో గుంటూరులోనో కూర్చుని రాసేవారికి సవరలు దూరం. వాళ్ళు ఆ మాట అలా దాటించేస్తే అర్థం చేసుకోవచ్చు. కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో ఉన్న మనం కూడా అలాగే దాటించేస్తే ఎలా? సంతలో మన పక్కన నిలబడి పసుపు, చింతపండు అమ్ముకునే మనుషుల భాష అది. వ్యాసాన్ని మనం ఆ వాక్యంతో మొదలుపెట్టాలి. అలా మొదలుపెడితే గిడుగువారి గురించి మనం చెప్పుకునే కథ కొంత మారుతుంది. ఎలా మారుతుందో చూపించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు తెలిసిన సంగతులు చెప్పుకుందాం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరేరు. పర్లాకిమిడి దాటితే కొండలు, కొండలమీద సవరలు. 1890ల మొదట్లోనే ఆయన సవర నేర్చుకోవటం మొదలుపెట్టేరు. అప్పటికి ఆ భాషకి బడి లేదు, పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోటంట వచ్చిన మాట వచ్చినట్టు రాసుకున్నారు. కొండలమీద తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. వినికిడినే నమ్ముకుని ఒక భాషని పట్టుకున్న మనిషికి ఆ భాష కోసమే వినికిడి పోయింది. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టేరు. వాచకాలు రాసేరు, పాటలూ కథలూ పోగుచేసేరు. నలభై ఏళ్ళ ఈ పని తర్వాత 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర భాషా వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయనకి డెబ్బయి అయిదు. 1940 జనవరిలో పోయేరు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. సవర పని మొదలైంది 1890లలో. వ్యావహారిక భాష కోసం ఆయన వాదించటం మొదలైంది 1906 ప్రాంతంలో, యేట్సు దొరగారితో పరిచయమయ్యేక. ఈ రెంటికీ మధ్య పన్నెండు పదమూడేళ్ళ తేడా ఉంది. హెన్రీ స్వీట్ లాంటి ఇంగ్లీషు భాషావేత్తల్ని చదవటం వల్ల ఆయనకి ఆ ఆలోచన కలిగిందని మన విమర్శకులు రాస్తారు. అది నిజమే. కానీ పుస్తకంలో చదివిన సూత్రం అందరికీ అందుబాటులో ఉంటుంది. దాన్ని పట్టుకుని ముప్ఫయి ఏళ్ళు ఎదురీదటానికి మనిషికి అనుభవం కావాలి. ఆ అనుభవం సవర కొండల్లో దొరికిందని నా అభిప్రాయం. రాత లేని భాషకి అధికారం నోటిదే. ఇది సాధువు, ఇది అసాధువు అని చెప్పటానికి సవరలకి చిన్నయసూరి లేడు. అయినా వాళ్ళ భాషకి వ్యాకరణం ఉంది, అది తెలుగు వ్యాకరణం కంటే తక్కువ చిక్కైనదేమీ కాదు. రాయటం రాని మనుషులు తప్పులేకుండా మాట్లాడుతున్నారని పదేళ్ళు చెవులారా విన్నవాడికి, పర్లాకిమిడి బజారులో తెలుగువాళ్ళు తప్పు తెలుగు మాట్లాడుతున్నారని పండితులంటే ఎలా నమ్మకం కలుగుతుంది?

కనుక "వీరు సవరకి కూడా సేవ చేసేరు" అనే వాక్యాన్ని తిరగరాయాలి. ఆయన సవరకి చేసిన సేవ ఎంతో, సవరలు ఆయన ద్వారా తెలుగుకి చేసిన సేవ అంత ఉంది. ఈనాడు మనం మాట్లాడినట్టు రాసుకుంటున్నామంటే, ఆ బాకీలో కొంత భాగం గుణుపురం, పర్లాకిమిడి కొండల పేర రాసుకోవాలి.

ఇక 1936. ఈ సంవత్సరం గురించి మన ప్రాంతపు తెలుగువారికి ఒక కథ కంఠస్థం. ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అంతవరకూ మద్రాసు రాజధానిలో ఉన్న జయపురం జమీందారీ, పర్లాకిమిడి పట్నం అటు వెళ్ళిపోయేయి. యాభై ఆరేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న గిడుగువారు ఆ రోజే ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయేరని చెబుతారు. డెబ్బయి రెండేళ్ళ చెవిటి పంతులుగారు మూటాముల్లే సర్దుకుని రైలెక్కటం మన మనస్సుల్లో ముద్రపడిపోయిన బొమ్మ. ఆ బొమ్మ చూసుకుని మనం కన్నీళ్ళు పెట్టుకుంటాం, కథ అక్కడితో ముగిస్తాం.

అక్కడ ముగించటం పెద్ద లోటు. ఏప్రిల్ 1 తర్వాత సరిగ్గా డెబ్బయి ఎనిమిది రోజులకి, జూన్ 18న, గుణుపురం దగ్గర మరిచగుడ కొండమీద మంగేయి గమాంగ్ అనే సవర ఆయన తన భాషకి కొత్త లిపి కనిపెట్టేడు. పర్లాకిమిడి నుంచి గుణుపురం యాభై కిలోమీటర్లే. నౌపడా నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలుదారిని 1931లోనే గుణుపురం దాకా పొడిగించేరు. పంతులుగారు ఎక్కిన దారికి ఆ చివర ఇది జరిగింది. ఒక తేదీ మన పత్రికల్లో ఏటేటా వస్తుంది. రెండో తేదీ నేను చదివిన ఏ గిడుగు వ్యాసంలోనూ కనబడలేదు.

ఆ లిపి పేరు సొర సొంపెంగ్. మంగేయి గమాంగ్ మామగారు మలియా గమాంగ్ సవరల్లో పెద్దమనిషి. ఒడియావాళ్ళు ఒడియా లిపిలో, తెలుగువాళ్ళు తెలుగు లిపిలో, మిషనరీలు రోమన్ లిపిలో సవర రాస్తూ ఉంటే, మనకంటూ ఒకటి లేదా అని ఆయన బాధపడేవాడట. అల్లుడికి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు కొంత కొంత వచ్చు. కొండమీద తపస్సు చేస్తే ఆ అక్షరాలు దర్శనమయ్యేయని ఆ సంప్రదాయంవారు నమ్ముతారు. మొత్తం 24 అక్షరాలు. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సవర దేవత. అక్షరాల్ని అక్షరబ్రహ్మగా పూజించే గుడి మరిచగుడలో ఉంది. మన లిపిలోలా గుణింతాలు లేవు. అచ్చులు హల్లుల పక్కన విడి అక్షరాలుగా నిలబడతాయి. అంకెలు కూడా వాళ్ళవే. ఈ లిపిలో పుస్తకాలు అచ్చువేసుకున్నారు. 2012లో కంప్యూటర్లు వాడే యూనికోడ్ పట్టికలో దీనికి చోటు దొరికింది.

ఇక్కడ విమర్శకుడికి ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది. మలియా గమాంగ్ బాధపడిన మూడు లిపుల్లో తెలుగు ఒకటి. అంటే మన గిడుగువారు ప్రాణంపెట్టి రాసిన వాచకాలు ఆ బాధలో ఒక భాగం. దీన్ని ఏమనాలి? మన మహనీయుడు చేసిన మేలు వాళ్ళకి అర్థం కాలేదని కోప్పడటం తేలిక. ఆయన తెలుగు పెత్తనం వాళ్ళమీద రుద్దేడని ఈ కాలపు ధోరణిలో తీసిపారేయటం కూడా తేలికే. రెండూ సరి కాదు. 1890లలో సవర పిల్లాడికి మాతృభాషలో చదువు అనే ఊహ ఒక్క మనిషికి ఉంది. ఆయన చేతిలో ఉన్న లిపితో మొదలుపెట్టేరు. సవరలో గొంతు నొక్కి పలికే ఒక విరుపు ఉంది. దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు. మన అక్షరాలు సవరకి అరువు చొక్కా వంటివని, 1931 వ్యాకరణంలో ధ్వనుల కోసం ప్రత్యేక గుర్తులు వాడిన ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఇక సవరలు అడిగింది వేరే. భాషని ఎంత కచ్చితంగా రాసేరన్నది పంతులుగారి ప్రశ్న. ఎవరి అక్షరాలతో రాసేరన్నది మలియా గమాంగ్ ప్రశ్న. మొదటిది శాస్త్రం, రెండోది పరువు. మన భాష మనం మాట్లాడినట్టే రాసుకుంటామని గిడుగువారు పండితులతో అన్నమాటనే, ఇంకొక మెట్టు పైకి వెళ్ళి, మన భాష మన అక్షరాలతో రాసుకుంటామని మంగేయి గమాంగ్ అందరితోనూ అన్నాడు. పంతులుగారి వాదానికి ఇది తిరస్కారంగా కనబడుతుంది గానీ, నా లెక్కలో అది దానికి కొనసాగింపు.

ఇలాంటి సంఘటన మన దగ్గరే జరిగిందనుకోవక్కరలేదు. అమెరికా చరిత్ర అంటే మనకి వాషింగ్టన్, లింకన్ గుర్తుకొస్తారు. చెరొకీ తెగకి చెందిన సికోయా పేరు ఎంతమందికి తెలుసు? వెండిపని చేసుకునే ఆయనకి ఇంగ్లీషు చదవటం, రాయటం రాదు. తెల్లవాళ్ళ కాగితాలు మాట్లాడతాయని చూసి, పన్నెండేళ్ళు తంటాలు పడి, 1821 నాటికి చెరొకీ భాషకి ఎనభై పైచిలుకు అక్షరాల లిపి తయారుచేసేడు. చదువే రాని మనిషి ఒంటిచేత్తో లిపి కట్టటం ప్రపంచంలో బహు అరుదు. కొద్ది ఏళ్ళలో చెరొకీలు వేలమంది చదవనేర్చేరు. 1828లో చెరొకీ, ఇంగ్లీషు రెండు భాషల్లో వాళ్ళ వార్తాపత్రిక వచ్చింది. 1830లో అమెరికా ప్రభుత్వం వాళ్ళని పంపించేందుకు చట్టం చేసింది. 1838-39లో వాళ్ళ నేల నుంచి సైన్యంతో పడమటికి నడిపించేరు. దారిలో చనిపోయినవారు సుమారు నాలుగు వేలని అంచనా. లిపి నేలని కాపాడలేకపోయింది. కానీ నేల పోయేక మనుషులు చెదిరిపోకుండా చూసినవాటిలో లిపి ఒకటి.

సికోయా అక్షరాలు బజారులోకి, పత్రికలోకి వెళ్ళేయి. మంగేయి గమాంగ్ అక్షరాలు ఎక్కువగా గుడి చుట్టూ, ఆ సంప్రదాయం పాటించేవారి మధ్య ఉండిపోయేయి. మంచి మాటలు చెప్పుకునేటప్పుడు ఈ నిజాన్ని దాచకూడదు. 2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవారు సుమారు నాలుగు లక్షలు. వాళ్ళలో క్రైస్తవులు కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నుంచి రోమన్ లిపి వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మాతృభాషా బోధన పెట్టినప్పుడు సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చేయి. 2007లో ఒడిశా మొదలుపెట్టిన బోధనలో ఒడియా లిపి వచ్చింది. ఒకే భాషవాళ్ళు, ఒకరి ఉత్తరం ఒకరు చదువుకోలేరు. 1936లో గీసిన సరిహద్దు తెలుగువాణ్ణి రెండుగా కోసిందని మనం అంటాం. సవరవాణ్ణి నాలుగుగా కోసింది.

వృత్తిరీత్యా నాకు తెలిసిన ఒక చిన్న సంగతి చెబుతాను. గుణుపురం వైపు పనిచేసిన రోజుల్లో ఖాతా తెరవటానికి వచ్చిన ఒక పెద్దాయన కాగితం మీద మాకెవరికీ తెలియని అక్షరాలతో సంతకం చేసేడు. కౌంటరులో కుర్రాడు అది చూసి, "ఇది సంతకం కాదు సార్, బొమ్మ. వేలిముద్ర వేయించేద్దాం" అన్నాడు. ఆ పెద్దాయన సిరాడబ్బా వైపు చూసేడు గానీ చెయ్యి చాపలేదు. సంతకం ఏ లిపిలో ఉన్నా సంతకమే, చెయ్యి మారకుండా ఒకేరకంగా రావాలి అంతే. షరతులు అర్థమయ్యేలా చదివి వినిపించేమని రాసుకుని, ఆ అక్షరాల్నే నమూనా సంతకంగా తీసుకున్నాం. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా గీత తేడా లేకుండా అలాగే చేసేడు. వేలిముద్రకీ సంతకానికీ బ్యాంకు దృష్టిలో డబ్బు తీయటంలో తేడా లేదు. మనిషి దృష్టిలో ఎంత తేడా ఉందో ఆరోజు చూసేను. లిపి ఎందుకు, ఉన్న లిపులు చాలవా అని అడిగేవారికి నా దగ్గర ఇంతకంటే శాస్త్రీయమైన జవాబు లేదు.

"బొమ్మ" అన్న ఆ కుర్రాడి మాటలో ఇంకొక సంగతి ఉంది. సవరల గోడబొమ్మలు ఇప్పుడు భువనేశ్వర్ దుకాణాల్లో చీరలమీద, సంచులమీద అమ్ముతున్నారు. వాటిని ఇడితాల్ అంటారు. ఆ మాటకి గోడమీద రాయటం అని అర్థం చెబుతారు. అంటే వాళ్ళ దృష్టిలో అది మొదట రాత, ఆ తర్వాతే బొమ్మ. ఎవరైనా జబ్బుపడితే, ఎవరో చనిపోయిన పెద్దలు అడిగేరని తెలిస్తే, వాళ్ళు ఉండటానికి గోడమీద ఒక ఇల్లు రాస్తారు. అందులో మనుషులు, గుర్రాలు, సూర్యచంద్రులు. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్య భారత గిరిజన కళ మీద రాసిన పుస్తకంలోనూ, 1955లో సవరల మతం మీద రాసిన పెద్ద గ్రంథంలోనూ వీటిని వివరంగా పరిశీలించేడు. దుకాణంలో చీర కొన్నవారికి అది అలంకారం. గోడమీద రాసినవారికి అది పెద్దలకి పెట్టుకున్న అర్జీ. లిపి రాకముందే రాత అనే ఊహ ఆ ఇళ్ళలో ఉందన్నమాట. మంగేయి గమాంగ్ శూన్యంలోంచి ఏమీ తేలేదు.

2008లో అమెరికాలో 'ది లింగ్విస్ట్స్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల కోసం ఇద్దరు భాషావేత్తలు దేశాలు తిరుగుతారు. సైబీరియా, బొలీవియాలతోపాటు ఒడిశా సవరల దగ్గరికీ వస్తారు. సండాన్స్ ఉత్సవంలో దాన్ని చూపించేరు, పేరొచ్చింది. మంచి ప్రయత్నమే. అంతకుముందు చికాగో విశ్వవిద్యాలయం నుంచి నార్మన్ జైడ్ వంటివారు ముండా భాషలమీద ఏళ్ళ తరబడి పనిచేసేరు. ఇన్నివేల మైళ్ళ నుంచి వచ్చి పట్టించుకున్నారే అని వాళ్ళని మెచ్చుకుందాం. వాళ్ళకి వందేళ్ళ ముందు ఒక తెలుగు బడిపంతులు కెమెరా లేకుండా, జీతం రాళ్ళలోంచి ఖర్చుపెట్టుకుని అదే దారిన నడిచేడని చెప్పవలసింది మనం. మనమే ఆ పనిని "కూడా" కింద తోసేసినప్పుడు, అమెరికావాళ్ళకి ఏం తెలుస్తుంది?

ఇదంతా నేను రాస్తున్నది నందపూర్‌లో కూర్చుని. జయపురం రాజులకి ఇది పాత రాజధాని. ముప్ఫయి రెండు మెట్ల సింహాసనమని చెప్పే రాతి గద్దెని చూడటానికి ఇప్పటికీ మనుషులు వస్తుంటారు. రాజధాని పదిహేడో శతాబ్దంలో జయపురం తరలిపోయింది. రాజుల వంశావళి మనకి ఉంది. ఈ చుట్టుపక్కల కొండల్లో గదబలు మాట్లాడే గుతోబ్ సవరకి చెల్లెలి వరస. అదీ ముండా భాషే. పక్కనే ఒల్లారి మాట్లాడే గదబలున్నారు. ఆ భాష తెలుగుకి చుట్టం. ఒకే జాతి పేరుతో పక్కపక్క ఊళ్ళలో రెండు వేరువేరు కుటుంబాల భాషలు ఉండటం భాషాశాస్త్రానికే వింత. గుతోబ్‌కి గిడుగు దొరకలేదు. పిల్లలు సంతలో దేసియా ఒడియా మాట్లాడుతున్నారు. మన పిల్లలు తెలుగు మాట్లాడుతూ ఒడియాలో రాసుకుంటున్నారని మనం బాధపడుతున్న వీధిలోనే ఇది జరుగుతోంది. మన బాధ అబద్ధం కాదు. కానీ మన భాషకి అవతలి ఒడ్డున ఎనిమిది కోట్ల మంది ఉన్నారు. గుతోబ్‌కి అవతలి ఒడ్డు లేదు.

1936ని గురించి మూడో మాట ఒకటుంది. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారు ఆ ఏడు ఒడిశాలోనే ఉండిపోయేరు, అటువైపే నిలిచేరు. అయినా తెలుగులో రాసేరు, ఒడియాలోనూ రాసేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేరు. విశాఖలోని ఆ సైన్సు కళాశాలకి ఆయన పేరే పెట్టేరు. గీత ఎటుపక్క గీసినా మనిషి రెండు భాషలకి బాకీ తీర్చవచ్చునని ఆయన చూపించేరు. ఒకరు వెళ్ళిపోయేరు, ఒకరు ఉండిపోయేరు, ఒకరు కొత్త అక్షరాలు చేసుకున్నారు. ముగ్గురూ భాష కోసమే ఆ పని చేసేరు. మనం మొదటివారిని మాత్రమే తలుచుకుంటున్నాం.

వచ్చే ఆగస్టుకి మన పత్రికలకి వ్యాసాలు రాసే మిత్రులకి ఒక మనవి. గ్రాంథికవాదులతో తగాదా గురించి ఇప్పటికి చాలా రాసేం, ఇంకొక ఏడు ఆగినా ఆ కీర్తి తరగదు. ఆ 1931 వ్యాకరణాన్ని తీసి చదవండి. గుణుపురం, రాయగడ వైపున్న పాఠకులు పరిచయమున్న సవరలని అడిగి, వాళ్ళు ఏ లిపిలో రాసుకుంటున్నారో, ఎందుకో తెలుసుకుని రాయండి. పంతులుగారు చేసిన పని అదే, అడగటం, విన్నది విన్నట్టు రాసుకోవటం. ఇకమీదట మన క్యాలెండర్లలో ఏప్రిల్ 1 పక్కన జూన్ 18 కూడా గుర్తుపెట్టుకుంటే, ఆయన్ని మనం సగం కాకుండా పూర్తిగా తలుచుకున్నట్టవుతుంది.